తెర కింద పరిగెత్తే మాటలు

"ఆ మొగుణ్ణి చూసి నేర్చుకోవాలి ఎవరైనా! ఒళ్లంతా చెట్టు బెరడులా అయిపోయిన పెళ్లాన్ని వదలకుండా కనిపెట్టుకుని ఉన్నాడు. చేతులెత్తి మొక్కాలి అలాంటివాడికి" అంది మా అత్తయ్య హాల్లోంచి.

నేను వంటింట్లో మాడిన పాలగిన్నె తోముతున్నాను. మాడబెట్టింది ఆవిడే, టీవీ చూస్తూ పొయ్యి సంగతి మర్చిపోయి. ఆ మాట ఆవిడ అనదు, నేనూ అనను. పీచుతో రుద్దుతూనే "అవునత్తయ్యా" అన్నాను. అనకపోతే మళ్లీ అంటుంది, ఇంకాస్త గట్టిగా. అప్పుడు మా ఆయన "అమ్మ ఏదో అంటోంది, వినపడలేదా?" అంటాడు. నాది తోలు మందమనీ, ఎన్ని చెప్పినా దున్నపోతు మీద వాన కురిసినట్టేననీ ఆవిడ అందుకుంటుంది. ఇదంతా ఎందుకొచ్చిన గొడవ? "అవునత్తయ్యా" అంటే ఓ పనైపోతుంది. వారానికి ఒక్కరోజు సెలవు నాకు. ఆ ఒక్కరోజూ గిన్నెలు, దుప్పట్లు, ఆవిడ మోకాళ్లకు నూనె, మధ్యమధ్యలో ఈ అవునత్తయ్యాలు.

ఆ కార్యక్రమం పేరు 'కొత్త చర్మం'. ఎక్కడా కనని, వినని చర్మరోగాలున్న వాళ్లను వెతికి తెస్తారు. మొదటి ఎపిసోడ్ రోగం, రెండో ఎపిసోడ్ వైద్యం, దాని ఆఖర్న అద్దం. అద్దం మీది గుడ్డ తొలగిస్తారు, ఆ మనిషి తనను తాను చూసుకుని ఏడుస్తుంది, పక్కన మొగుడు ఏడుస్తాడు, ఇళ్లల్లో అందరూ కొంగులూ రుమాళ్లూ తడుపుకుంటారు. మళ్లీ మళ్లీ వేసినా మా అత్తయ్యకది కాలక్షేపం. నాకు ఉద్యోగం.

చూస్తున్నవాళ్లు ఫోన్ల నుంచి తమకు అనిపించింది రాసి పంపుతారు కదా, అవన్నీ మా గదికి వస్తాయి. కిటికీల్లేని గది, వరసగా కంప్యూటర్లు, ఓ మూల ఎప్పుడూ వాగుతూ ఉండే పెద్ద టీవీ. ఒక్కో మాటా చదివి ఆకుపచ్చ నొక్కితే తెర అడుగున పరుగెడుతుంది. ఎరుపు నొక్కితే ఎవరికీ తెలియకుండా చస్తుంది. మా పైఅధికారిని అందరం కత్తెర అంటాం, అతని వెనకాల. ఉద్యోగంలో చేరిన రోజు అతను నా నడుం వెనక అరచెయ్యి ఆనించి నిలబడి పని నేర్పాడు. "చాలా సులువు. ఏడిపించేవి పంపు. కోప్పడేవి ఆపు. అంతే." చెయ్యి మాత్రం పని నేర్పడం అయిపోయాక కూడా అక్కడే ఉంది.

చెట్టు బెరడు ఆవిడ మా గదిలో బెరడమ్మ అయింది. పాపం ఆ పేరు పెట్టింది చూసేవాళ్లే. ఆ వారం వచ్చినన్ని మాటలు ఎప్పుడూ రాలేదు. 'ఆయన మనిషి కాదు, దేవుడు.' ఆకుపచ్చ. 'ఇలాంటి భార్యతో కాపురం చేస్తున్న ఆ మహానుభావుడికి జోహార్లు.' ఆకుపచ్చ. 'భోజనం వేళ ఇలాంటివి చూపిస్తారా? ముద్ద దిగలేదు.' ఎరుపు. 'మెడ దగ్గర ఇంకొంచెం దగ్గరగా చూపించండి.' ఎరుపు. 'పక్కన ఎలా పడుకుంటున్నాడో కదా!' ఇది పంపించిన వాళ్ల లెక్కే లేదు, ఆడవాళ్లతో సహా. అన్నీ చదివాను. ఆవిడకు నొప్పిగా ఉంటుందా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నేనూ అడగలేదనుకోండి. నా పని అడగడం కాదు.

తెర మీదికి వెళ్లకముందే కార్యక్రమాన్ని కోతలు పడకుండా మాకు ఓసారి చూపిస్తారు. అందులో డాక్టరమ్మ "మీ బాధ చెప్పండమ్మా" అని అడిగింది. "బాధేం లేదండీ. ఇది వచ్చాక నన్నెవరూ పట్టుకుని లాగట్లేదు" అని నవ్వింది బెరడమ్మ. చిన్నపిల్ల మిఠాయి దాచుకున్నట్టు నవ్వింది. ఆ ముక్క తెర మీదికి వెళ్లలేదు, కత్తెర ఊరికే అయ్యాడా మరి. వైద్యం అయ్యాక అద్దం ముందు నిలబెట్టారు. నున్నటి చర్మం, లేత గులాబీ రంగు. ఆ మొగుడు వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఆవిడ ఉలిక్కిపడింది. నేను కళ్లారా చూశాను, భుజం ముడుచుకుపోయింది. 'ఆనందంతో వణికిపోయింది, నా కళ్లు చెమర్చాయి' అని వందల మంది రాశారు. అన్నిటికీ ఆకుపచ్చ నొక్కాను.

నాకు మొదట కుడి మణికట్టు మీద వచ్చింది.

చొక్కా బొత్తామంత మచ్చ, బూడిదరంగు. దురద లేదు, మంట లేదు. గిన్నెలు తోమే సబ్బు పడలేదేమో అనుకున్నాను. వారం తిరిగేసరికి గాజు వెడల్పున చుట్టూ అల్లుకుంది. గోటితో కొడితే టక్కుమంది. తలుపు మీద కొట్టినట్టు. స్నానాల గదిలో నిలబడి మళ్లీ మళ్లీ కొట్టి చూశాను, చెవి దగ్గర పెట్టుకుని. లోపల ఖాళీగా ఏదో గది ఉన్నట్టు వినిపించింది. నా ఒంట్లోంచే ఆ చప్పుడు. నిజం చెప్పొద్దూ, భయపడుతూనే ఇంకోసారి కొట్టాను.

మా ఆయన నన్ను పిలవడు. కావలసినప్పుడు మణికట్టు పట్టుకుని లాగుతాడు. పడగ్గదిలోకైనా, బట్టల అలమర దగ్గరికైనా, చుట్టాల ముందుకైనా. పెళ్లైన కొత్తలో మా పిన్నితో చెబితే "పిచ్చిదానా, ముచ్చట పడుతున్నాడే" అంది. రెండో మచ్చ కుడి భుజం వెనక వచ్చింది, మా అత్తయ్య "ఏమే, నిన్నే" అంటూ వేలితో పొడిచే చోట. మూడోది నడుం వెనక. దాన్ని చూసుకోవడానికి రెండద్దాలు కావలసి వచ్చింది. అది గుండ్రటి మచ్చ కాదు. అరచెయ్యి ఆకారం. బొటనవేలు ఎటువైపుందో కూడా తెలుస్తోంది.

మా గదిలో నా పక్కసీటు ఆవిడను అక్కా అంటాను. వయసులో పెద్దది, తక్కువ మాట్లాడుతుంది, ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్టే వేసుకుంటుంది. ఓరోజు నా మణికట్టు చూసి "ఏదీ, పట్టుకుని చూడనా?" అని అడిగింది. నేను తల ఊపేదాకా చెయ్యి చాచలేదు. మచ్చ పైన మెత్తటి చోట పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఊఁ" అని వదిలేసింది. ఇంటికెళ్లి ఆ చోటు వెతుక్కున్నాను. రోజూ వెతుక్కున్నాను. అక్కడ ఏమీ రాలేదు. చేతులన్నీ ఒకటి కావని నా చర్మానికి తెలుసు. నాకంటే దానికే నయం అనిపించింది.

ఇంట్లో తెలిసిన రోజు మా అత్తయ్య ముక్కున వేలేసుకుంది. "రోజంతా ఆ రోగాల గురించి చదువుతూ కూర్చుంటే అంటుకోదూ మరి?"

"మీరూ రోజూ చూస్తున్నారు కదత్తయ్యా."

"నేను ఇంత దూరం నుంచి చూస్తున్నానే! నువ్వు దగ్గర కూర్చుని చదువుతున్నావు."

మర్నాడే నా కంచం, నా గ్లాసు వేరే గూట్లోకి వెళ్లాయి. నేను కోసిన కూరగాయలు ఆవిడ తినదట. నేను ఉతికిన బట్టలు ఆవిడ కట్టదట. వంటకు మనిషి వచ్చింది. మా ఆయన దిండు తీసుకుని హాల్లో సోఫాకి మారాడు, వెళ్తూ "నీ మంచికే" అన్నాడు. నా మంచి గురించి ఆ ఇంట్లో ఎవరైనా మాట్లాడడం అదే మొదటిసారి. పుండు మీద కారం చల్లినట్టే ఉండింది, అబద్ధమెందుకు? అంటరానిదానిలా కంచం కడుక్కుంటూ ఏడ్చాను. ఏడ్చి, ముక్కు చీదుకుని, గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. చేయడానికి పనేమీ లేదు. ఎవరూ పిలవలేదు. పెళ్లయ్యాక మొదటిసారి మంచం మీద అడ్డంగా పడుకున్నాను. మెలకువ వచ్చేసరికి తెల్లారి ఎండ మొహం మీద పడుతోంది. అంత నిద్ర నాలో ఎన్నాళ్ల నుంచి బాకీ ఉందో.

ఆ తర్వాత రెండు నెలలు నేను ఎలా ఉన్నానో చెబితే మీరు నవ్వుతారు. ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు చాపుకుని కిటికీలోంచి వీధి చూసేదాన్ని. ఎదురు మేడ మీద ఒకావిడ బట్టలు ఆరేసేది. చూస్తే చూస్తూనే ఉండేదాన్ని. వేడి తగ్గకముందే టీ తాగేదాన్ని. భయం లేదని కాదు. ఇది ముఖం దాకా పాకితే? నేను రమ్మన్న చెయ్యి వచ్చినా తెలియకపోతే? ఆ ఆలోచన వచ్చినప్పుడు ఒళ్లు చల్లబడేది, మణికట్టు తప్ప. అయినా సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే ఎవరూ లాగని చెయ్యి అలా గాల్లో ఊగుతుంటే ఎంత తేలికగా ఉండేదో. పోగొట్టుకోవడానికి నాకంటూ ఒకటి దొరికింది. దొరికినదాన్ని ఎవరో ఒకరు చూడకుండా ఉంటారా?

చూసింది కత్తెర. నా నడుం మీద మళ్లీ చెయ్యి వెయ్యబోయి, జాకెట్టు కింద గట్టిగా తగిలేసరికి తేలు కుట్టినట్టు వెనక్కి తీసుకున్నాడు. మర్నాడు నన్ను కాదు, మా ఆయన్ని పిలిపించి మాట్లాడాడు. ఇద్దరూ టీ తాగారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మా ఆయన నా ఒళ్లు దానం చేసి వచ్చాడు.

"వచ్చే వారం మన ఎపిసోడే" అన్నాడు ఇంటికొచ్చి. మన! "ఎపిసోడ్ వెళ్లాక సోమవారం ఆస్పత్రిలో చేరడం. ఖర్చంతా వాళ్లదే. పొరలు పొరలుగా గీకేస్తారట."

"నేను ఒప్పుకోలేదు కదండీ."

"ఒప్పుకునేదేముంది ఇందులో? బాగు చేస్తామంటే వద్దనేవాళ్లుంటారా? నేనే కాబట్టి ఇన్నాళ్లూ నీతో వేగుతున్నాను."

ఆ రోజు నుంచి స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి సాధన మొదలుపెట్టాడు. "వదల్లేదండీ. వదలను కూడా." మధ్యలో ఎంతసేపు ఆగితే బాగుంటుందో తెలియక రకరకాలుగా ఆగి చూసుకున్నాడు. ఓసారి నీళ్లు చల్లుకుని కళ్లు తడి చేసుకుని కూడా చూశాడు. తలుపు ఇవతల నిలబడి వింటుంటే నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది, డాక్టరమ్మ మాట గుర్తొచ్చి. పరీక్ష చేసినప్పుడు ఆవిడ ఎంతో ప్రేమగా చెప్పింది: "కంగారు పడకమ్మా. మళ్లీ చంటిపిల్ల చర్మంలా వస్తుంది. ఎవరు ఎక్కడ ముట్టుకున్నా నీకు తెలుస్తుంది."

షూటింగుకి మా హాలు సర్దింది వంటమనిషి. దీపాలు పెట్టారు, తీగలు పరిచారు. మా అత్తయ్య కొత్త చీర కట్టుకుని "మా కోడలు నాకు కూతురితో సమానం" అంది. వేరే గూట్లో ఉన్న నా కంచాన్ని మాత్రం కనబడకుండా తలుపు మూసింది. కత్తెర నన్నూ మా ఆయన్నీ సోఫాలో పక్కపక్కన కూర్చోబెట్టాడు. "ఆవిడ చెయ్యి పట్టుకోండి సార్." మా ఆయన అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఒక్క క్షణం వెనకాడాడు. నా మణికట్టు పట్టుకున్నాడు, ఎప్పుడూ పట్టుకునే చోటే. ఆ బూడిదరంగు గాడిలో అతని వేళ్లు అచ్చు గుద్దినట్టు కూర్చున్నాయి. ఎవరికీ వింతగా అనిపించలేదా అని గదంతా చూశాను. కెమెరా అబ్బాయి ఒక్కడూ కాసేపు తల పైకెత్తి చూసి, మళ్లీ కెమెరాలో మొహం పెట్టేశాడు.

"మీకేం కావాలమ్మా?" అడిగింది డాక్టరమ్మ.

"నన్నిలా ఉండనివ్వండి" అన్నాను.

"ఆవిడ కంగారు పడుతున్నారు, ఇంకోసారి" అన్నాడు కత్తెర. ఇంకోసారీ అదే చెప్పాను. మూడోసారి నన్ను అడగలేదు. మా ఆయన్ని అడిగారు. అతను చాలా బాగా ఆగాడు.

ఆ ఎపిసోడ్ వెళ్లే సాయంత్రం నేను సెలవు పెట్టుకున్నాను. ఒక సీటు ఖాళీ పడిందని కత్తెర ఫోన్ చేశాడు. "ఇంట్లో కూర్చుని చేసేదేముంది? నీ గురించి జనం ఎంత ప్రేమగా రాస్తారో నువ్వే చూసుకో." హాల్లో మా అత్తయ్య చుట్టుపక్కల వాళ్లందరినీ పిలిచి కుర్చీలు వేయిస్తోంది. దానికంటే ఆ గదే నయమనిపించి వెళ్లాను.

తెర మీద నా చెయ్యి కనబడింది. అంత పెద్దదిగా చూస్తే నాదిలా లేదు, ఎండిన ఏటి మట్టిలా ఉంది. నా మూసుకున్న నోటి మీద మా ఆయన గొంతు వినిపించింది. మాటలు వరద కట్టాయి. 'దేవుడు ఇలాంటి మొగుడి రూపంలో కూడా ఉంటాడు.' ఆకుపచ్చ. 'అయ్యో, ఆయన కళ్లల్లో నీళ్లు చూసి తట్టుకోలేకపోయాను.' ఆకుపచ్చ. 'ఇంత మంచివాడు దొరికినా ఆవిడ మొహంలో విశ్వాసం లేదు చూశారా?' కోపమే కదా, ఎరుపు. నా గురించి వచ్చిన మాటల్ని నేనే ఏరి, నేనే పంపుతున్నాను. సొంత పెళ్లికి సొంతంగా వడ్డించుకున్నట్టుంది. వేలు నొక్కుతోంది, నేను ఎక్కడో దూరంగా కూర్చుని దాన్ని చూస్తున్నాను. సోమవారం ఆ వేలితో పాటు నన్ను తీసుకెళ్లి బల్ల మీద పడుకోబెడతారు.

అప్పుడు వచ్చింది. 'నాకూ మణికట్టు దగ్గరే.'

అంతే ఉంది. ఎవరు పంపారో లేదు. ఇది ఏడిపించేదా, కోప్పడేదా? తేల్చుకోకముందే ఇంకోటి వచ్చింది. 'నాకు మెడ వెనక. మామగారు కుర్చీ వెనక నుంచి వెళ్తూ తగిలించే చోట.' 'నాకు తొడ మీద. రోజూ అదే బస్సు, అదే మనిషి.' 'నాకు చెంప మీద మొదలవుతోంది, పౌడరు ఎక్కువ రాస్తున్నాను.' 'మా అమ్మకు వీపంతా ఉండేది. పోయాక బట్టలు మారుస్తుంటే చూశాం. బయట చెప్పొద్దని నాన్న ఒట్టు వేయించుకున్నాడు.' ఒకదాని కింద ఒకటి, ఒకదాని కింద ఒకటి. ఎక్కడెక్కడి వంటిళ్లల్లోనో, పక్కగదుల్లోనో, టీవీ ముందు కూర్చున్నవాళ్ల వెనక నిలబడో, చేతిలో ఫోను దాచుకుని రాస్తున్నట్టున్నారు. కొన్నిటికి అక్షరాలు సరిగ్గా లేవు. ఒకావిడ 'అక్కా, నీకూ నొప్పి లేదు కదా?' అని అడిగింది. దాన్ని చదివి నోరు మూసుకుని ఏడ్చాను. మరి ఇవి ఏడిపించేవే కదా!

ఆకుపచ్చ నొక్కాను. ఇంకోటి. ఇంకోటి. మూల టీవీలో 'వదల్లేదండీ' అంటున్న మా ఆయన గడ్డం కింద నుంచి అవి పరుగెత్తడం మొదలుపెట్టాయి. పక్కసీటు అక్క నా తెర వైపు చూసింది, టీవీ వైపు చూసింది. జాకెట్టు ఎడమ చెయ్యి పైకి మడిచింది. మోచెయ్యి నుంచి పైదాకా బూడిదరంగే, పాతది, అక్కడక్కడా పగిలి నునుపెక్కింది. మడిచిన చేత్తోనే తన ముందున్న ఆకుపచ్చ నొక్కింది. టీవీ మాటల మీదుగా మా నొక్కుడు చప్పుళ్లే వినబడ్డాయి.

చూసేవాళ్లు రాసే పెట్టెలో అప్పుడు నేనూ రాశాను. ఇన్నేళ్లలో ఒక్క మాట రాసి ఎరగను. 'ఆవిడ నేనే. నాకు బాగానే ఉంది. సోమవారం నేను ఎక్కడికీ రావడం లేదు.' అది మిగతావాటితో పాటు వరసలోకొచ్చి నా ముందు నిలబడింది. నొక్కాను. మా హాల్లో, చుట్టుపక్కల వాళ్ల కుర్చీల ముందు, మా అత్తయ్య కొత్త చీర ముందు, అది కుడి నుంచి ఎడమకి నింపాదిగా వెళ్లి ఉంటుంది. అది పూర్తిగా దాటేలోపే నా ఫోన్ మోగింది. ఇంటి నుంచి. మోగనిచ్చాను.

పక్కనే కత్తెర కూర్చునే అద్దాల గది తలుపు ధడాలున తెరుచుకుంది. "ఎవరు పంపుతున్నారివి? ఆపండి! ఆపమంటుంటే!" కత్తెర కుర్చీలు తోసుకుంటూ వచ్చాడు. నడుం జోలికి పోలేదు, మణికట్టు జోలికీ పోలేదు. జబ్బ పట్టుకున్నాడు, ఇంతవరకూ మెత్తగానే మిగిలిన చోటు. కుర్చీలోంచి లాగబోయాడు. నేను కదల్లేదు. తల తిప్పి చూస్తే అతని వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, గట్టిగానే పట్టుకున్నాడన్నమాట. నాకేమీ తెలియలేదు. నా రెండో చెయ్యి ఖాళీగానే ఉంది. తర్వాతి మాటకి ఆకుపచ్చ నొక్కాను.